కాంటర్బరీ పీఠం, రాజముద్ర: హ్యూబర్ట్ వాల్టర్ ఎవరి మనిషి?

1199 మే 27న వెస్ట్‌మినిస్టర్‌లో ఇంగ్లండ్ రాజుగా జాన్ పట్టాభిషేకం జరిగింది. తలపై కిరీటం పెట్టింది కాంటర్బరీ ఆర్చిబిషప్ హ్యూబర్ట్ వాల్టర్. అదే రోజున కొత్త రాజు ఆయనను ఛాన్సలర్‌గా నియమించి రాజముద్రను అప్పగించాడు. రాజు తనకిచ్చిన ఈ పదవిని చూసి ఆర్చిబిషప్ పొంగిపోతుంటే హ్యూ బార్డాల్ఫ్ అనే రాజోద్యోగి ఊరుకోలేక ఒక చురక అంటించాడట. ఛాన్సలర్లు ఆర్చిబిషప్పులు కావడం చూశాం గానీ, ఆర్చిబిషప్పు దిగివచ్చి ఛాన్సలర్ కావడం ఎన్నడూ వినలేదన్నాడని ఆ కాలపు చరిత్రకారుడు రోజర్ ఆఫ్ హౌడెన్ రాశాడు.

ఆ మాటలోని పదును తెలియాలంటే ముప్పై ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1162లో రాజు రెండవ హెన్రీ తన ఛాన్సలర్ టామస్ బెకెట్‌ను కాంటర్బరీ పీఠంపై కూర్చోబెట్టాడు. పీఠమెక్కగానే బెకెట్ ఛాన్సలర్ పదవిని వదిలేశాడు. తర్వాత రాజుతో వైరం ముదిరి, 1170 డిసెంబర్ 29న సొంత కెథడ్రల్‌లోనే, అంటే తన పీఠపు ప్రధాన చర్చిలోనే, హత్యకు గురయ్యాడు. శ్రీసభ, అంటే కథోలిక చర్చి, ఆయనను పునీతుడిగా ప్రకటించింది. ఆ పునీతుడి సమాధికి సంరక్షకుడైన ఆర్చిబిషప్పే, ఆయన వదులుకున్న పదవిని చేయి చాచి అందుకున్నాడు. మధ్యయుగ యూరప్ చరిత్ర చదివేవారు తరచూ తికమకపడేది ఇక్కడే. బిషప్ అంటే మతగురువు కదా, పన్నులు వసూలు చేసి, కోటలు ముట్టడించి, ఉరిశిక్షలు అమలు చేయించే అధికారి ఎలా అయ్యాడు? ఈ చిక్కుముడి విప్పడానికి హ్యూబర్ట్ జీవితం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ముందుగా నాలుగు పదాలు

బిషప్ అంటే ఒక మేత్రాసనానికి అధిపతి. మేత్రాసనం అంటే అనేక విచారణలు (ఒక్కో చర్చి కిందికి వచ్చే స్థానిక సంఘాలు), వాటి గురువులు కలిసిన ప్రాంతం. కొన్ని మేత్రాసనాలపై పెద్దరికం ఉన్నవాడు ఆర్చిబిషప్. ఇంగ్లండ్‌లో అలాంటి పీఠాలు రెండే: కాంటర్బరీ, యార్క్. వాటిలో కాంటర్బరీది పైచేయి.

రాజు పక్షాన చూస్తే రెండు పదవులు ముఖ్యమైనవి. రాజు దేశంలో లేనప్పుడు ఆయన పేరున పాలన నడిపి, న్యాయస్థానాలను, ఖజానాను చూసుకునేవాడు జస్టిషియర్. అప్పట్లో ఇంగ్లండ్ రాజులకు ఫ్రాన్స్‌లో విశాలమైన భూములుండేవి. వాళ్లు ఎక్కువ కాలం అక్కడే గడిపేవారు కాబట్టి జస్టిషియర్ దాదాపు రెండో రాజే. రాజు పేరిట వెలువడే శాసనాలు, ఉత్తరాలు రాయించి ముద్ర వేయించేవాడు ఛాన్సలర్. హ్యూబర్ట్ ఈ రెండు పదవులూ చేశాడు, రెండూ ఆర్చిబిషప్‌గా ఉంటూనే.

రాజులకు మతగురువులే ఎందుకు కావలసివచ్చారు?

మొదటి కారణం చదువు. పాలన రాతకోతలన్నీ లాటిన్‌లో సాగేవి, లాటిన్ నేర్పేది శ్రీసభ బడులు. రెండోది వారసత్వం. ఒక ప్రభువుకు పెద్ద పదవి ఇస్తే దాన్ని అతని కొడుకు తన హక్కుగా అడుగుతాడు. బ్రహ్మచర్యానికి కట్టుబడిన గురువుకు చట్టబద్ధ వారసులుండరు, అతను చనిపోతే పదవి తిరిగి రాజు చేతికే వస్తుంది. మూడోది జీతం. నా ఉద్దేశంలో అన్నింటికంటే బరువైన కారణం ఇదే, ఎందుకంటే రాజుకు అది ఖర్చులేని ఏర్పాటు.

హ్యూబర్ట్ ఉద్యోగపు తొలి రోజులే దీనికి లెక్క చెబుతాయి. నార్ఫక్ ప్రాంతపు ఒక మధ్యస్థాయి కుటుంబంలో పుట్టిన ఆయన, పినతల్లి భర్త రాన్యుల్ఫ్ డి గ్లాన్‌విల్ ఇంట పెరిగాడు. గ్లాన్‌విల్ రెండవ హెన్రీకి జస్టిషియర్. ఆ ఇంట్లోనే కుర్రవాడికి న్యాయం, లెక్కలు, రాజకీయం ఒంటబట్టాయి. 1180ల మధ్యకు వచ్చేసరికి వెస్ట్‌మినిస్టర్‌లో ఎక్స్‌చెకర్ అధికారుల సరసన కూర్చున్నాడు. ఎక్స్‌చెకర్ అంటే గళ్ల గుడ్డ పరిచిన బల్లమీద బిళ్లలు జరుపుతూ జిల్లాల ఆదాయాన్ని తనిఖీ చేసే ఖజానా సభ. ఇదే కాలంలో ఎక్కడో ఉత్తరాన ఉన్న యార్క్ కెథడ్రల్‌కు ఆయన డీన్, అంటే అక్కడి గురువుల బృందానికి పెద్ద కూడా. పని రాజుది, ఆదాయం యార్క్ చర్చి భూములది. ఈ పద్ధతిలో రాజు ఖజానా నుంచి ఒక్క పెన్నీ కదలకుండానే ఒక నిపుణుడు తయారయ్యాడు.

బిషప్ అంటే మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అతను పెద్ద భూస్వామి. కాంటర్బరీ ఆర్చిబిషప్ తన భూములకు బదులుగా రాజు సైన్యానికి అరవై మంది నైట్‌ల (గుర్రపు యోధుల) సేవ బాకీ ఉండేవాడు. అంతటి సంపద, అంతమంది యోధులు చేతిలో ఉన్న మనిషి ఎవరవుతాడో పట్టించుకోకుండా ఉండటం ఏ రాజుకూ సాధ్యం కాదు. అందుకే బిషప్ ఎన్నిక కాగితం మీద చర్చి వ్యవహారమే అయినా ఆచరణలో రాజు కనుసన్నల్లో జరిగేది.

ఏకర్ శిబిరం నుంచి కాంటర్బరీ దాకా

1189లో రెండవ హెన్రీ కొడుకు రిచర్డ్ రాజయ్యాడు, హ్యూబర్ట్ సాల్స్‌బరీ బిషప్ అయ్యాడు. మరుసటి ఏడాది క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు సాగించిన మతయుద్ధానికి, బయలుదేరాడు. వెంట వెళ్లిన ఆర్చిబిషప్ బాల్డ్విన్ 1190 నవంబర్‌లో పాలస్తీనా తీరంలోని ఏకర్ ముట్టడి శిబిరంలోనే మరణించాడు. ఆ చలికాలం శిబిరంలో కరవు తాండవించింది. ఉన్నవారి నుంచి చందాలు పోగుచేసి ఆకలితో మాడుతున్న పేద సైనికులకు తిండి ఏర్పాటు చేసినవారిలో హ్యూబర్ట్ ముందున్నాడు. 1192లో సంధి కుదిరాక యాత్రికుల బృందంతో జెరూసలేం వెళ్లి సుల్తాన్ సలాదీన్‌ను కలిశాడు. ఏదైనా కోరుకోమని సుల్తాన్ అంటే, పవిత్ర సమాధి మందిరంలోనూ బెత్లెహేము, నజరేతులలోనూ లాటిన్ పద్ధతిలో ఆరాధన జరిపే గురువులకు అనుమతి అడిగాడని క్రూసేడ్ చరిత్ర చెబుతుంది. ఈ ఘట్టాలను నేను కాస్త నొక్కి చెప్పడానికి కారణముంది. ఆయనను కేవలం బిషప్ వేషం వేసుకున్న గుమాస్తా అని కొట్టిపారేసేవారికి ఇవి అడ్డొస్తాయి.

తిరుగు ప్రయాణంలో సిసిలీలో ఉండగా పిడుగులాంటి వార్త తెలిసింది. రిచర్డ్‌ను ఆస్ట్రియా డ్యూక్ బంధించి జర్మన్ చక్రవర్తి ఆరవ హెన్రీకి అప్పగించాడు. హ్యూబర్ట్ నేరుగా జర్మనీ వెళ్లి బందీగా ఉన్న రాజును కలిశాడు. ఆ తర్వాత జరిగింది చకచకా జరిగింది. రాజు చెర నుంచే సిఫారసు ఉత్తరాలు పంపాడు. 1193 మే చివర్లో కాంటర్బరీ మఠవాసులు హ్యూబర్ట్‌ను ఆర్చిబిషప్‌గా ఎన్నుకున్నారు. ఎన్నుకునే హక్కు తమదని వాదించే బిషప్పులు మర్నాడు విడిగా ఎన్నిక జరిపి అదే మనిషిని ఎన్నుకున్నారు. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి ఆయన జస్టిషియర్ కూడా.

రెండు అధికారాలు ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో 1194 ఫిబ్రవరిలో కళ్లకు కట్టింది. అన్న చెరలో ఉండగా తమ్ముడు జాన్ తిరుగుబాటు చేశాడు. హ్యూబర్ట్ బిషప్పుల సభ పెట్టి జాన్‌ను శ్రీసభ నుంచి వెలివేయించాడు. వెంటనే జస్టిషియర్ హోదాలో సైన్యంతో వెళ్లి జాన్ అధీనంలోని మార్ల్‌బరో కోటను ముట్టడించి లొంగదీశాడు. శాపమూ ఆయనదే, సైన్యమూ ఆయనదే. అయిదేళ్ల తర్వాత ఆ జాన్ తలపైనే కిరీటం పెట్టాల్సి వచ్చింది.

రాజు విడుదల సొమ్ము: అంకెల్లో చూస్తే

రిచర్డ్ విడుదలకు నిర్ణయమైన మొత్తం 1,50,000 మార్కులు. అందులో లక్ష ముందే చెల్లించాలి. మార్కు అన్నది లెక్కకే తప్ప నాణెంగా లేదు. చలామణిలో ఉన్నది వెండి పెన్నీ ఒక్కటే. ఒక మార్కుకు 160 పెన్నీలు, ఒక పౌండుకు 240. అంటే లక్ష మార్కులంటే కోటీ అరవై లక్షల పెన్నీలు, బరువులో చెప్పుకుంటే ఇరవై టన్నులు దాటిన వెండి. రాజు వార్షిక ఆదాయం ఆ దశాబ్దంలో సుమారు 25 వేల పౌండ్లు. లక్ష మార్కులు 66 వేల పౌండ్ల పైమాటే కాబట్టి, రెండున్నరేళ్లకు మించిన ఆదాయాన్ని ఒకేసారి పోగుచేయాలి.

అలా పోగుచేయడానికి జనం ఆదాయంలోనూ చరాస్తుల్లోనూ నాలుగో వంతు అడిగారు. నైట్ సేవ బాకీ ఉన్న ప్రతి భూఖండంపై 20 షిల్లింగులు (ఒక పౌండు) విధించారు. చర్చిల వెండి పాత్రలు కరిగాయి. సిస్టర్షియన్ మఠవాసుల దగ్గర ఆ ఏడాది గొర్రెల ఉన్ని మొత్తం తీసుకున్నారు. 1194 ఫిబ్రవరిలో రాజు విడుదలయ్యాడు. మార్చిలో ఇంగ్లండ్ వచ్చి, మే నెలలో ఫ్రాన్స్‌కు వెళ్లి, మళ్లీ తిరిగి రాలేదు. పాలన పూర్తిగా హ్యూబర్ట్ మీద పడింది.

అంకెల దగ్గరే ఒక జాగ్రత్త. రెండేళ్లలో రాజుకు 11 లక్షల మార్కులు చేర్చానని హ్యూబర్ట్ చెప్పుకున్నట్టు హౌడెన్ రాశాడు. లెక్కవేస్తే అది 7,33,000 పౌండ్లు, దాదాపు ముప్పై ఏళ్ల రాజాదాయం. జరిగే పని కాదు. హౌడెన్ నమ్మదగిన చరిత్రకారుడే, ఖజానా వ్యవహారాలు తెలిసినవాడే. అయినా మధ్యయుగ గ్రంథాల్లో పెద్ద అంకెను చూసినప్పుడు దాన్ని పక్కనున్న మరో అంకెతో తూచాలని ఇది గుర్తుచేస్తుంది.

మూడో ప్రతి ఎందుకు?

హ్యూబర్ట్ హయాంలో పుట్టిన పద్ధతుల్లో ఒకటి నాకు మిగతావాటికంటే విలువైనదిగా తోస్తుంది. భూమి తగాదాలో ఇద్దరు రాజీపడితే ఆ ఒప్పందాన్ని ఒకే తోలుకాగితంపై రెండుసార్లు రాసి, మధ్యలో వంకరగా కోసి చెరొకటి ఇచ్చేవారు. తర్వాత తగువొస్తే రెండు ముక్కలూ కలిపి చూస్తారు. అంచులు అతికితే అసలు, లేకపోతే నకిలీ. మరి ఒక ముక్క కాలిపోతేనో, దొంగిలిస్తేనో?

1195 జూలై 15న ఈ పద్ధతి మారింది. ఒప్పందాన్ని మూడుసార్లు రాయడం మొదలైంది. రెండు కక్షిదారులకు, కింది అంచున రాసిన మూడోది రాజు ఖజానాకు. ఇప్పుడు మనం రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకున్నట్టే, ఆనాటి నుంచి తగువు వస్తే చూసుకోవడానికి మూడో చోట ఒక ప్రతి ఉంది. ఈ పద్ధతిలో మొదటిది ఇదేనని ఆ తొలి పత్రం వెనుకనే రాసుంది. అందులో ఒక కక్షిదారు ఎవరో కాదు, ఆర్చిబిషప్ సొంత అన్న థియోబాల్డ్ వాల్టర్. సంస్కరణను సొంత ఇంటితో మొదలుపెట్టాడని మెచ్చుకోవాలా, ఇంటి ఆస్తికి ముందుగా భద్రత చూసుకున్నాడని నవ్వుకోవాలా? రెండింటికీ చోటుంది. ఈ మూడో ప్రతుల వరుస 1833 వరకూ కొనసాగింది.

మిగతావి క్లుప్తంగా. 1194లో ప్రతి కౌంటీలో ముగ్గురు నైట్‌లు, ఒక గుమాస్తా రాజుకు చెందిన నేరవిచారణల వివరాలు నమోదు చేయాలని ఆదేశించారు. అనుమానాస్పద మరణాలను విచారించే కరోనర్ పదవికి అదే మూలం. అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న తెలుగువారికి ఈ పేరు ఇప్పటికీ పరిచితమే. 1195లో పదిహేనేళ్లు దాటిన మగవారందరి చేతా శాంతిభద్రతల ప్రమాణం చేయించారు. ఛాన్సలర్ అయ్యాక 1199లో పత్రాల రుసుములను రెండవ హెన్రీ నాటి స్థాయికి తగ్గించారు. రాజు పంపే పత్రాల నకళ్లను చుట్టలుగా భద్రపరచిన ఆధారాలు మనకు అందుతున్నదీ అప్పటి నుంచే. ఈ చుట్టలను హ్యూబర్ట్ ప్రారంభించాడా, అంతకు ముందువి పోయి ఈయన కాలంనాటివి మిగిలాయా అన్నదానిపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ముందే ఉండేవని వాదించేవారు, ఇంత చక్కగా స్థిరపడిన పద్ధతి ఒక్క రోజులో పుట్టదంటారు. కాదనేవారు 1199లో అధికారి మారడాన్నీ, తొలి చుట్టల తేదీనీ కలిపి చూపుతారు.

1196: చర్చికి నిప్పు

రెండు పదవులు ఒకదానితో ఒకటి ఢీకొన్న చోటు లండన్. పన్నుల భారాన్ని నగరంలోని ధనికులు తప్పించుకుని పేదల నెత్తిన రుద్దుతున్నారంటూ విలియం ఫిట్జ్ ఆస్బర్ట్ అనే వ్యక్తి జనాన్ని కూడగట్టాడు. పొడవైన గడ్డం వల్ల గడ్డం విలియం అని పేరుపడిన ఇతను పేదవాడేమీ కాదు, క్రూసేడ్‌కు వెళ్లివచ్చిన కలిగిన కుటుంబీకుడు. పట్టుకోవడానికి వచ్చినవారిలో ఒకరిని చంపి, సెయింట్ మేరీ లె బో చర్చిలో తలదాచుకున్నాడు.

చర్చిలో ఆశ్రయం పొందినవారిని బలవంతంగా లాగకూడదన్నది శ్రీసభ నియమం. దాన్ని కాపాడాల్సినవాడు ఆర్చిబిషప్. తిరుగుబాటుదారును పట్టుకోవాల్సినవాడు జస్టిషియర్. ఇద్దరూ ఒకరే. హ్యూబర్ట్ చర్చికి నిప్పుపెట్టించాడు. పొగకు తాళలేక బయటికి వచ్చిన విలియంను గుర్రానికి కట్టి ఈడ్చుకెళ్లి తొమ్మిదిమంది అనుచరులతోపాటు ఉరితీశారు. ఉరికొయ్య కింది మట్టిని జనం పవిత్రంగా తవ్వుకుపోతుంటే కాపలా పెట్టాల్సివచ్చింది. ఆ చర్చి కాంటర్బరీ మఠవాసులదే కావడంతో, ఇతర కారణాల వల్ల అప్పటికే ఆర్చిబిషప్‌పై కోపంగా ఉన్నవారి చేతికి ఆయుధం దొరికినట్టయింది. అల్లర్లు పెరిగితే ఎంతమంది చచ్చేవారో అని హ్యూబర్ట్‌ను సమర్థించేవారున్నారు. నాకు ఆ వాదన బలహీనంగా కనిపిస్తుంది. నిలువరించడానికి చర్చి చుట్టూ మనుషులను నిలబెట్టి ఆకలితో బయటికి రప్పించే దారి ఉండనే ఉంది.

తప్పెక్కడుంది? రెండు వాదనలు

1179లో రోములో జరిగిన శ్రీసభ మూడవ లాటరన్ మహాసభ, గురువులు రాజుల కింద న్యాయాధికారులుగా చేరకూడదని స్పష్టంగా నిషేధించింది. కాబట్టి హ్యూబర్ట్ చేసింది శ్రీసభ చట్టానికి విరుద్ధమని విమర్శకులు అనడంలో తప్పు లేదు. పైగా నెత్తురు చిందే శిక్షలతో గురువులకు సంబంధం ఉండకూడదన్న పాత కట్టుబాటు ఉండనే ఉంది. 1197 డిసెంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ సభలో, ఫ్రాన్స్ యుద్ధానికి ఏడాదిపాటు 300 మంది నైట్‌లను ఇవ్వమని హ్యూబర్ట్ అడిగితే, లింకన్ బిషప్ హ్యూ లేచి తన చర్చి సేవ ఇంగ్లండ్ సరిహద్దుల వరకే బాకీ అని తిరస్కరించాడు. ఒక బిషప్ రాజు కోసం అడుగుతుంటే మరో బిషప్ చర్చి కోసం కాదనడం చూస్తే, ఇది మతానికీ రాజ్యానికీ మధ్య గీసిన తిన్నని గీత కాదని తెలుస్తుంది. గీత శ్రీసభ లోపలి నుంచే పోయింది.

ఎదుటి వాదన కూడా తేలికైనది కాదు. 1195లో పోప్ మూడవ సెలెస్టిన్, జస్టిషియర్ పదవిలో ఉన్న ఈ మనిషినే తన లెగేట్‌గా, అంటే ప్రతినిధిగా నియమించాడు. నిషేధించిన రోమే వరమిచ్చినప్పుడు ఒక్క హ్యూబర్ట్‌ను తప్పుపట్టడం ఎలా? లోపల ఉన్న బిషప్ రాజు చేతిని కొంతైనా పట్టుకోగలడన్నది మరో మాట. 1200లో ఆయన వెస్ట్‌మినిస్టర్‌లో చర్చి సభ పెడుతుంటే జస్టిషియర్ జెఫ్రీ ఫిట్జ్ పీటర్ వద్దని అడ్డుపడ్డాడు. ఛాన్సలర్‌గా ఉంటూ కూడా హ్యూబర్ట్ ఆ ఆజ్ఞను ఖాతరు చేయక సభ జరిపాడు.

1198లో పోపుగా వచ్చిన మూడవ ఇన్నోసెంట్ లౌకిక పదవుల విషయంలో కఠినుడు. ఆ జూలైలో హ్యూబర్ట్ జస్టిషియర్ పదవి నుంచి దిగిపోయాడు. పోప్ ఒత్తిడే కారణమని హౌడెన్ అంటాడు. ఆయన అంతకు రెండేళ్ల ముందే తప్పుకుంటానన్నాడనీ, ఆక్స్‌ఫర్డ్ పరాభవం, పన్నుల అలసట కూడా కలిశాయనీ ఇప్పటి చరిత్రకారులు చాలామంది అంటారు. ఏడాది తిరక్కుండానే ఛాన్సలర్ పదవిని తీసుకున్నాడంటే, రాజసేవపై విరక్తి పుట్టి వదిలాడని మాత్రం అనుకోలేం.

చనిపోయాక తేలిన విలువ

1205 జూలై 13న, రోచెస్టర్ బిషప్‌కూ మఠవాసులకూ రాజీ కుదర్చడానికి వెళ్తూ దారిలో కెంట్‌లోని టేనమ్‌లో హ్యూబర్ట్ మరణించాడు. ఆ వార్త విని, ఇప్పటికి గానీ నేను నిజంగా రాజును కాలేదని జాన్ సంబరపడ్డాడన్న కథ ప్రచారంలో ఉంది. దాన్ని రాసిన మాథ్యూ పారిస్ దశాబ్దాల తర్వాతివాడు. జెఫ్రీ ఫిట్జ్ పీటర్ మరణం గురించి కూడా ఇదే మాటను జాన్ నోట పెట్టిన కథ ఉంది. కాబట్టి నమ్మనక్కరలేదు.

నమ్మదగింది తర్వాతి ఘటనల క్రమం. ఖాళీ అయిన పీఠానికి మఠవాసులు రహస్యంగా తమ ఉపాధ్యక్షుడు రెజినాల్డ్‌ను ఎన్నుకున్నారు. రాజు నారిచ్ బిషప్ జాన్ డి గ్రేను నిలబెట్టాడు. ఇన్నోసెంట్ ఇద్దరినీ కాదని స్టీఫెన్ లాంగ్టన్‌ను ఎంపిక చేయించాడు. జాన్ ఆయనను దేశంలో అడుగుపెట్టనివ్వలేదు. ఫలితంగా 1208 నుంచి 1214 వరకు ఇంగ్లండ్ మొత్తంపై ఆరాధనల నిషేధం అమలైంది, రాజును వెలివేశారు. చివరికి జాన్ 1213లో తన రాజ్యాన్నే పోపుకు సమర్పించి లొంగిపోయాడు. రాజుకూ మఠానికీ రోముకూ ఒకేసారి ఆమోదయోగ్యుడైన మనిషి ఎంత అరుదో అప్పుడు తెలిసివచ్చింది. 1215 మాగ్నా కార్టా చర్చల్లో లాంగ్టన్ రాజు కొలువులో ఉద్యోగిగా కాక, రాజుకూ ప్రభువులకూ మధ్యవర్తిగా నిలబడ్డాడు.

అంతమాత్రాన ఉద్యోగి బిషప్పుల కాలం ముగియలేదు. 1381లో తల పన్నుపై రైతులు తిరగబడినప్పుడు కాంటర్బరీ ఆర్చిబిషప్ సైమన్ సడ్‌బరీయే ఛాన్సలర్. లండన్ కోట నుంచి ఆయనను ఈడ్చుకొచ్చి తల నరికారు. ఈసారి ప్రాణం పోగొట్టుకున్నది పన్ను వద్దన్నవాడు కాదు, పన్ను వేసినవాడు. ఇంగ్లండ్ రాజముద్రను పట్టిన చివరి బిషప్ లింకన్ పీఠానికి చెందిన జాన్ విలియమ్స్. ఆయన చేతి నుంచి దాన్ని తీసుకున్నది 1625లో.